మూడో గోళీ

ఊదేది కాదు తాతా, పీల్చల్ల అనింది
ఫిజియోథెరపీ పాప హరిప్రియ.
ప్లాస్టిక్ డబ్బీలో మూడు గోళీలు.
గొట్టం నోట్లో పెట్టుకుని
ఉన్న బలమంతా పెట్టి ఊదినా కదలవంట,
లోపలికి గుంజితేనే లేస్తాయంట.

పీల్చేది నాకు నేర్పల్లనా పాపా?
ముప్పై రెండేండ్లు పీల్చినా
తాడిపత్రిలో నల్లబండల ఫ్యాక్టరీలో,
బ్లేడుకు నీళ్లందని ప్రతి పూటా.
మేం కోసిన బండలు దేశమంతా పోయినాయి,
ఎవరి వంటగట్టో, ఎవరి మెట్లో.
పొడి మాత్రం యాడికీ పోల్యా.
నాకాడనే ఉండాది.

మొదటి గోళీ లేసింది.
రెండోది సగం దాకా లేసి
ఏందో ఆలోచించి కూర్చుండింది.
మూడోది నా పక్క చూడను కూడా చూల్యా.
పెన్న ఇసుకలో గోళీలాడి
వీధిపిల్లోళ్ల జేబులన్నీ ఖాళీ చేసినోణ్ణి నేను.

హరిప్రియ చెప్పిన లెక్క ఇది:
ముక్కుతో రెండు, నోటితో నాలుగు.
కనకాంబరం కాదు తాతా, మల్లెపూవు అనుకో,
వాసన చూసినట్ల నిదానంగా పీల్చు.
విజిలేసేవాని మాదిరి పెదాలు సున్న చుట్టి
కొవ్వొత్తి ముందర వదులు.
ఆరగూడదు. వంగల్ల, అంతే.

మెట్లెక్కేటప్పుడు నిలబడి పీల్చల్లంట,
వదుల్తా ఎక్కల్లంట.
బిగబట్టరా, బిగబట్టి లేపరా అంటాండె మా మేస్త్రీ.
బరువు లేపేటప్పుడే ఊపిరి వదలల్ల అని
ఆ పొద్దే ఒకరన్నా చెప్పింటే...
సరేలే.

తెల్లారుజామున మిద్దె మీద పండుకుని
పొట్ట మీద బండముక్క పెట్టుకుంటా,
నా చేత్తో పాలిష్ పట్టింది, అరచేతంత.
రొమ్ము కదలగూడదు, బండ లేయల్ల.
లేస్తాది. దిగుతాది.
లారీలకు లారీలు ఎత్తినోణ్ణి,
ఇంత బరువు ఎప్పుడూ చూల్యా.

సాయంత్రం స్టేషన్ రోడ్డులో
రెండడుగులు లోపలికి, నాలుగడుగులు బయటికి.
టీ అంగడి షేక్షావలి అరుస్తాడు,
ఏం పక్కీరప్పా, నోట్లో లెక్కలు?
వడ్డీ కట్టేకి పోతాండావా?
అవునప్పా, అసలు ఎప్పుడో మింగేసినా.

నిన్న రాత్రి మాబున్ని నవ్వింది.
పెదాలు సున్న చుట్టి ఊదేది
నాకెవరూ నేర్పల్యా,
పెండ్లయిన కాణ్ణుంచి ఊదుగొట్టంతో అదే గదా నేను చేసింది,
దాన్ని కసరత్తు అని ఒక్కరూ అనల్యా.
ఏదీ, ఇట్ల తే
అని డబ్బీ గుంజుకునింది.

గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చింది.
మొదటి గోళీ వణికింది.
లేయల్యా.

ఇద్దరమూ దాన్నే చూస్తా ఉంటిమి.
కొంగుతో గొట్టం తుడిచి నా చేతికిచ్చి
చెడిపోయినట్లుండాది, చూడు అనింది.

చెడిపోల్యా.

నా దగ్గుకు టోకెన్ తీసుకుని
లైన్లో నిలబడింది ఆమె.
నన్ను లేపకూడదని
రాత్రిపూట పెరట్లోకి పోయి దగ్గింది ఆమె.
గ్యాసు పొయ్యి వచ్చినాక పోతాదిలే అనుకుంటి,
ఆ మాట కూడా ఆమెతో అనల్యా,
నాలో నేనే అనుకుంటి.

సోమవారం రెండు టోకెన్లు తీసుకోవల్ల.
ఈ రాత్రికి మాత్రం కొవ్వొత్తి మధ్యలో పెట్టి
ఎదురెదురుగా కూర్చుంటిమి.
ముక్కుతో రెండు, అంటి నేను.
నోటితో నాలుగు, అనింది.
మంట ఆమె పక్క నుంచి నా పక్కకు వంగింది,
నా పక్క నుంచి ఆమె పక్కకు.
నిదానంగా మే, ఆర్పొద్దు.

ఏడోసారో ఎనిమిదోసారో
నా మూతి చూసి ఆమెకు నవ్వొచ్చింది,
ఆరిపోయింది.
చీకట్లో అగ్గిపెట్టె తడుముకుంటా ఉంటే
ఇద్దరి ఊపిరీ వినపడతాండె
లెక్క తప్పి.